నింగి కబురు మోసిన కవర్లు



ఈ పూట పోస్టు కవర్ల గురించి మాట్లాడదామని వచ్చాను. మామూలు కవర్లు కావు. మనిషి రాకెట్లు ఎగరేసిన రోజుల్లో, ఉపగ్రహాలు కక్ష్యలోకి చేరిన రోజుల్లో ఆ సందర్భానికి గుర్తుగా ముద్రలు పడిన కవర్లు. వీటిని వెతికి, కొని, దాచుకునేవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. ఆ పనిలో ఏళ్ల తరబడి మునిగి ఉన్న తాడేపల్లిగూడెం వాణ్ణి నేను.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే మాట. స్టాంపు ఒక గొప్ప సంఘటనను మనకు గుర్తుచేస్తుంది. కవరు మాత్రం ఆ సంఘటన జరిగినప్పుడు ఈ భూమ్మీద ఫలానా ఊళ్లో, ఫలానా తారీఖున ఉన్నానని సాక్ష్యం చెబుతుంది. ఆ సాక్ష్యం పాడుకాకుండా చూడాలి. అందులోనూ మన నేలకు, మన నీళ్లకు, మన తుపాన్లకు సంబంధించిన ఆకాశం కథ చెప్పే కవర్లను మనమే దాచుకోవాలి. మనం దాచకపోతే ఇంకెవరూ దాచరు.

ముందు కవరును చదవడం ఎలాగో చూద్దాం. దాని మీద నాలుగు విషయాలుంటాయి. ఒకటి స్టాంపు. రెండు ఆ స్టాంపు మీద పడిన పోస్టాఫీసు ముద్ర. మూడు కవరుకు ఎడమవైపున అచ్చువేసే బొమ్మ. నాలుగు చిరునామా. కొత్తగా సేకరణ మొదలుపెట్టినవాళ్ల కళ్లు బొమ్మ మీద నిలుస్తాయి, రంగులు బాగుంటాయి కాబట్టి. అనుభవం వచ్చినవాళ్ల కళ్లు ముద్ర మీద నిలుస్తాయి. ఎందుకంటే బొమ్మను ఏ ప్రెస్సులోనైనా, ఎప్పుడైనా అచ్చువేయవచ్చు. ముద్ర మాత్రం ఒక పోస్టాఫీసులో, ఒక ఉద్యోగి చేత్తో, ఒక తారీఖున పడాలి.

కవర్లలో రకాలున్నాయి. కొత్త స్టాంపు విడుదలైన రోజునే ప్రత్యేక ముద్రతో వచ్చేది ఫస్ట్ డే కవరు. స్టాంపు పాతదే అయినా ఒక సందర్భం కోసం తపాలా శాఖ వేసేది స్పెషల్ కవరు. రాకెట్టు ఎగిరిన రోజున ప్రయోగ కేంద్రానికి దగ్గర్లోని పోస్టాఫీసు ముద్ర వేయించుకున్నది లాంచ్ కవరు. ఇక నిజంగా రాకెట్టులో పైకి వెళ్లి తిరిగొచ్చిన కవర్లు ఉంటాయి. వాటి ధర వేలల్లో, ఒక్కోసారి లక్షల్లో పలుకుతుంది. మిగతా మూడూ మధ్యతరగతి ఇంటి ఖర్చులో ఇమిడేవే.

ఉత్తరానికి ఆకాశంతో చుట్టరికం అంతరిక్ష యుగానికి చాలా ముందే కలిసింది. అదీ మన దేశంలోనే. 1911 ఫిబ్రవరి 18న అలహాబాదులో ఒక పారిశ్రామిక ప్రదర్శన జరుగుతోంది. హెన్రీ పెకే అనే ఫ్రెంచి విమాన చోదకుడు దాదాపు 6,000 ఉత్తరాల సంచీతో గాల్లోకి లేచి, నది దాటి నైనీలో దిగాడు. దూరం పది కిలోమీటర్ల లోపే. ప్రపంచంలో అధికారికంగా విమానంలో సాగిన తొలి తపాలా అదే. ఆ ఉత్తరాల మీద వేసిన ప్రత్యేక ముద్ర కోసం సేకర్తలు ఇప్పటికీ వేలంపాటల్లో పోటీ పడుతుంటారు.

ఆ తర్వాత వచ్చినవాడు స్టీఫెన్ స్మిత్. షిల్లాంగ్‌లో పుట్టి కలకత్తాలో స్థిరపడ్డాడు. ఉత్తరాలను రాకెట్టులో పెట్టి పంపవచ్చని నమ్మిన మనిషి. 1934 సెప్టెంబరు 30న హుగ్లీ నది ముఖద్వారంలో, ఓడ మీద నుంచి సాగర్ దీవి వైపు ఉత్తరాల రాకెట్టు వదిలాడు. అది గాల్లోనే పేలింది. ఉత్తరాలు చెల్లాచెదురయ్యాయి. వాటిని ఏరుకొచ్చారు. ఆయన మాత్రం వెనక్కి తగ్గలేదు. మరుసటి ఏడు సిక్కిం రాజు తాషీ నామ్‌గ్యాల్ అండతో ఆ కొండల్లో ప్రయోగాలు చేశాడు. నదికి అడ్డంగా టీపొడి, పంచదార లాంటి సరుకులు కూడా రాకెట్టులో పంపాడు. 1935 జూన్ 29న దామోదర్ నది మీదుగా ఒక కోడిపుంజునూ, ఒక పెట్టనూ రాకెట్టులో దాటించాడు. రెండూ ప్రాణాలతో దిగాయి.

స్మిత్ గారి తపన కొల్లేటి జనానికి తేలిగ్గా అర్థమవుతుంది. వరదొచ్చి దారి తెగిపోయిన ఊరికి ఉత్తరం ఎలా చేరాలి, మందు ఎలా చేరాలి అన్నదే ఆయన ప్రశ్న. బుడమేరు, తమ్మిలేరు పొంగి కొల్లేరు నిండినప్పుడు లంక గ్రామాలకు ఒకప్పుడు దోనె తప్ప దారి లేదు. మనియార్డరైనా, పెళ్లి శుభలేఖైనా, చావు కబురైనా దోనె ఎక్కాల్సిందే. స్మిత్ రాకెట్లు తపాలా శాఖ వాడుకలోకి రాలేదు. అయినా ఆయన శ్రమ వృథా పోలేదు. మన తపాలా శాఖ 1992లో ఆయన పేరిట స్టాంపు వేసింది. ఆయన రాకెట్లు మోసిన కవర్లు ఈ రోజు అంతరిక్ష సేకరణలో మొదటి పుటకు ఎక్కుతాయి.

ఇక అసలు అంతరిక్ష యుగానికి వద్దాం. 1957 అక్టోబరు 4న సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను పైకి పంపింది. రాకెట్టు శాస్త్రానికి ఆద్యుడైన త్సియోల్కోవ్‌స్కీ పేరిట అప్పటికే ఒక స్టాంపు అచ్చయి ఉంది. ఆ స్టాంపు మీదే స్పుత్నిక్ తారీఖును, తొలి ఉపగ్రహం అన్న మాటను నల్లసిరాతో అదనంగా అచ్చువేసి నవంబరులో విడుదల చేశారు. చేతిలో ఉన్న స్టాంపునూ వదలనంత ఉత్సాహం ఆ నల్లసిరాలో కనిపిస్తుంది.

అమెరికా వాళ్లు 1962లో ఇంకో రకంగా ఆశ్చర్యపరిచారు. ఆ ఏడు ఫిబ్రవరి 20న జాన్ గ్లెన్ భూమి చుట్టూ మూడుసార్లు తిరిగి దిగాడు. ఆయన క్షేమంగా దిగాడన్న వార్త వచ్చిన వెంటనే దేశంలోని మూడు వందల పైచిలుకు పోస్టాఫీసుల్లో సీలు వేసిన ప్యాకెట్లు విప్పారు. లోపల ప్రాజెక్ట్ మెర్క్యురీ స్టాంపులున్నాయి. నాలుగు సెంట్ల స్టాంపు. అచ్చు పని అంతా గుట్టుగా సాగింది. యాత్ర చెడిపోయుంటే ఆ ప్యాకెట్లు విప్పేవాళ్లే కారు. అందుకే ఆ తారీఖు ముద్ర పడిన కవరు చేతికొస్తే, ఒక దేశం ఊపిరి బిగబట్టి చూసిన రోజు మన చేతికొచ్చినట్టే.

ఉత్తరం నిజంగా అంతరిక్షంలో ఒకరి నుంచి మరొకరికి అందింది 1969 జనవరిలో. సోయుజ్ 4 వ్యోమనౌకలో షతలోవ్ ఒక్కడే ముందు వెళ్లాడు. మర్నాడు సోయుజ్ 5 బయల్దేరింది. రెండూ కలుసుకున్నాక సోయుజ్ 5లోని ఇద్దరు బయటి శూన్యంలోంచి నడిచి షతలోవ్ నౌకలోకి వెళ్లారు. వెళుతూ ఆయనకు ఉత్తరాలు, ఆయన బయల్దేరిన తర్వాత అచ్చయిన వార్తాపత్రిక తీసుకెళ్లి ఇచ్చారు. ఏ ఊళ్లోనైనా పోస్టుమాన్ చేసే పనే అది. జరిగిన చోటే వేరు.

అదే ఏడు జూలైలో అపోలో 11 చంద్రుడి మీద దిగింది. అమెరికా తపాలా శాఖ తరఫున ఒక కవరు వ్యోమగాముల వెంట వెళ్లింది. చంద్రుడి మీద దిగినప్పుడు ముద్ర వేయమని ముద్ర కూడా ఇచ్చి పంపారు. అక్కడున్న కొద్ది గంటల్లో ఆ తీరిక వాళ్లకు దొరకలేదు. తర్వాతే వేశారు. మన దేశం కూడా ఆ విజయానికి స్టాంపు వేసింది. 1969 నవంబరు 19న విడుదలైన 20 పైసల స్టాంపు అది. చంద్రుడి నేల మీద నౌక పక్కన నడుస్తున్న వ్యోమగామి బొమ్మ. అపోలో 12 చంద్రుడి మీద దిగింది కూడా సరిగ్గా ఆ నవంబరు 19నే. ఆ తారీఖు ముద్ర ఉన్న ఫస్ట్ డే కవరును చూసినప్పుడు ఈ సంగతి మనసులో పెట్టుకుంటే, ఒక్క ముద్రలో రెండు చంద్రయాత్రలు కనిపిస్తాయి.

ఈ చరిత్రలో ఒక బాధాకరమైన అధ్యాయం ఉంది. చెప్పక తప్పదు. 1971 జూలై 26న బయల్దేరిన అపోలో 15లో డేవిడ్ స్కాట్, ఆల్‌ఫ్రెడ్ వార్డెన్, జేమ్స్ ఇర్విన్ వెళ్లారు. ఆగస్టు 2న స్కాట్ చంద్రుడి మీద నిలబడి, టీవీలో లోకమంతా చూస్తుండగా తపాలా శాఖ ఇచ్చిన కవరు మీద ముద్ర వేశాడు. అది అనుమతితో జరిగిన పని. అయితే అనుమతి లేని 398 కవర్లు కూడా ఆ యాత్రలో వెళ్లాయి. వాటిలో 100 కవర్లను జర్మనీలో ఒక స్టాంపుల వ్యాపారి అమ్మాడు. సంగతి బయటపడ్డాక వ్యోమగాములు తమకు రావలసిన సొమ్ము వద్దన్నారు. మందలింపు తప్పలేదు. ముగ్గురూ మళ్లీ అంతరిక్షంలోకి వెళ్లలేదు. ఆ కవర్ల మీద బయల్దేరిన రోజు కెనెడీ అంతరిక్ష కేంద్రం ముద్ర, తిరిగి సముద్రంలో దిగిన ఆగస్టు 7న ఓకినావా ఓడ పోస్టాఫీసు ముద్ర ఉన్నాయి. ముద్రలు నిజమైనవే. నమ్మకం మాత్రం దెబ్బతింది. సేకర్తకు నేర్పే పాఠం ఏమిటంటే, కవరు ఎలా వచ్చిందన్నది కూడా కవరులో భాగమే. కొనేటప్పుడు అది ఎవరి చేతుల మీదుగా వచ్చిందో అడగాలి. చెప్పిన జవాబు రాసి పెట్టుకోవాలి.

ఇక మన దేశం సంగతికి వద్దాం. 1963 నవంబరు 21న కేరళలోని తుంబా నుంచి తొలి రాకెట్టు ఎగిరింది. ఆ పనికి మూలపురుషుడైన విక్రమ్ సారాభాయ్ 1971 డిసెంబరు 30న కన్నుమూశారు. సరిగ్గా ఏడాదికి, 1972 డిసెంబరు 30న ఆయన స్టాంపు వచ్చింది. ఆయన బతికుండగానే, 1971 అక్టోబరు 9న, అప్పటి నెల్లూరు జిల్లా తీరంలోని శ్రీహరికోట నుంచి తొలి రోహిణి రాకెట్టు ఎగిరింది. ఆ రోజు నుంచీ రాకెట్ల చరిత్రలో తెలుగు నేల పేరు ముద్రల్లోకి ఎక్కింది.

1975 ఏప్రిల్ 19న ఆర్యభట ఉపగ్రహం సోవియట్ రాకెట్టు మీద పైకి వెళ్లింది. బెంగుళూరులో యు.ఆర్. రావు గారి నాయకత్వంలో తయారైన 360 కిలోల ఉపగ్రహం. ఎగిరింది సోవియట్ నేల మీద నుంచి. అది పంపే సంకేతాలను అందుకున్న కేంద్రాల్లో మన శ్రీహరికోట కూడా ఉంది. మర్నాడే, ఏప్రిల్ 20న, 25 పైసల స్టాంపు దేశమంతటా విడుదలైంది. ఇక్కడ ఒక్క క్షణం ఆలోచించండి. స్టాంపు ఒక్క రోజులో అచ్చు కాదు. నాసిక్ ప్రెస్సులో కాగితం ఎక్కి, రంగులు పడి, చిల్లులు పడి, రైళ్లలో ఊరూరికీ చేరాలి. అంటే ఉపగ్రహం కక్ష్యలోకి చేరుతుందో లేదో తెలియకముందే, చేరుతుందన్న నమ్మకంతో ఆ స్టాంపు అచ్చయింది. 26 ముఖాలున్న ఆ ఉపగ్రహం బొమ్మను నీలి ఛాయల్లో ఆ స్టాంపు మీద చూడొచ్చు. తర్వాత రెండు రూపాయల నోటు వెనక కూడా అదే బొమ్మ వచ్చింది. ఆ నోటు మన ఇళ్లలో చాలా మంది చేతులు మారింది. ఆ కవరు కొద్దిమందే దాచుకున్నారు.

ఇక ఎస్సెల్వీ 3 కథ. దీని ప్రయోగాలు మన రాష్ట్రం నేల మీద జరిగాయి. ప్రాజెక్టుకు డైరెక్టరు అబ్దుల్ కలాం గారు. ఇస్రో సంస్థకు అధ్యక్షుడు సతీశ్ ధావన్ గారు. 1979 ఆగస్టు 10న తొలి ప్రయోగం విఫలమై రాకెట్టు బంగాళాఖాతంలో పడిపోయింది. 1980 జూలై 18న ఉదయం రెండో ప్రయోగం గెలిచింది. 35 కిలోల రోహిణి ఉపగ్రహం కక్ష్యలో నిలిచింది. సొంత రాకెట్టుతో, సొంత నేల మీద నుంచి, సొంత ఉపగ్రహాన్ని పంపగలిగిన దేశాల వరసలో మనం చేరాం. ఓడిన రోజు విలేకరుల ముందు ధావన్ గారు తానే నిలబడ్డారు. గెలిచిన రోజు కలాం గారిని నిలబెట్టారు. ఆ మర్యాద తెలిసినవాళ్లకు, 1979 ఆగస్టు 10 ముద్ర ఉన్న కవరు 1980 జూలై 18 కవరుకు ఏమాత్రం తీసిపోదు. నిజానికి విఫలమైన రోజుల కవర్లే తక్కువగా మిగులుతాయి, ఓడిన రోజును దాచుకోవాలని ఎక్కువమందికి అనిపించదు కాబట్టి.

ఎస్సెల్వీ 3 కవర్ల విషయంలో ఒక పరీక్ష చెబుతాను. పెన్ను ఉంటే రాసుకోండి. ఆ రాకెట్టు బొమ్మతో ఒక రూపాయి స్టాంపు విడుదలైంది 1981 జూలై 18న, అంటే ప్రయోగం జరిగిన ఏడాదికి. కాబట్టి ఎవరైనా మీకు 1980 జూలై 18 ముద్రతో, ఎస్సెల్వీ 3 స్టాంపు అంటించిన కవరు చూపించి, ఇదే అసలైన ప్రయోగం నాటి కవరు అంటే నమ్మకండి. ఆ రోజున ఆ స్టాంపు పుట్టనే లేదు. అసలు ప్రయోగం నాటి కవరు మీద అప్పటికి చెలామణిలో ఉన్న మామూలు స్టాంపే ఉండాలి. చూడ్డానికి అది సాదాసీదాగా ఉంటుంది. నిజం మాత్రం అక్కడే ఉంటుంది. స్టాంపు విడుదల తారీఖు, ముద్ర తారీఖు, సంఘటన తారీఖు, ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడడం అలవాటైతే, సగం మోసాలు మీ గుమ్మం దాటి లోపలికి రావు.

1984 ఏప్రిల్ 3న రాకేశ్ శర్మ గారు సోయుజ్ టి 11లో వెళ్లారు. అదే రోజున మూడు రూపాయల స్టాంపు విడుదలైంది. ఈసారి ప్రయోగం, స్టాంపు, ముద్ర, మూడూ ఒకే తారీఖు. ఆ ఫస్ట్ డే కవరు ఇప్పటికీ పెద్దగా ఖర్చు లేకుండా దొరుకుతుంది. పిల్లలతో సేకరణ మొదలుపెట్టించాలనుకుంటే దానితో మొదలుపెట్టించండి.

ఇప్పుడు నా మనసుకు అన్నిటికంటే దగ్గరైన కవరు గురించి చెబుతాను. 1983 ఆగస్టు 30న, అమెరికా చాలెంజర్ షటిల్ రాత్రి చీకట్లో పైకి లేచింది. షటిల్ రాత్రిపూట ఎగరడం అదే తొలిసారి. అందులో రెండు సరుకులున్నాయి, మనకు కావలసినవి. మొదటిది మన ఇన్‌శాట్ 1బి ఉపగ్రహం. రెండోది సుమారు రెండు లక్షల అరవై వేల తపాలా కవర్లు. ఒక్కో కవరు మీద 9 డాలర్ల 35 సెంట్ల స్టాంపు. కవరు ధర 15 డాలర్ల 35 సెంట్లు. షటిల్ ఆగస్టు 14న ఎగరాల్సి ఉంది కాబట్టి కవర్ల మీద ఆ తారీఖు ముద్ర ముందే పడింది. ప్రయాణం వాయిదా పడింది. సెప్టెంబరు 5న అవి ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరంలో దిగాయి. వాయిదా సంగతి కూడా ఆ కవరు దాచిపెట్టకుండా చెబుతుంది. అన్ని లక్షల కవర్లు ఉండడం వల్ల, అంతరిక్షంలోకి నిజంగా వెళ్లొచ్చిన కవర్లలో సామాన్యుడి చేతికి అందేవి ఇవే.

అమెరికా సేకర్తలకు అది షటిల్ కవరు. మనకు అది ఇన్‌శాట్ ప్రయాణించిన బండిలో ప్రయాణించిన కవరు. దాని విలువ ఎంతో తెలియాలంటే 1977 నవంబరు 19 గుర్తు చేసుకోవాలి. దివిసీమను ఉప్పెన ముంచెత్తిన రోజు. వేల ప్రాణాలు పోయాయి. ఆ తరం వాళ్లు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు. 1982లో వెళ్లిన ఇన్‌శాట్ 1ఎ కొన్ని నెలలకే పనికిరాకుండా పోయింది. దేశం ఆశలన్నీ 1బి మీదే నిలిచాయి. అది నిలబడింది. మేఘాల చిత్రాలు పంపింది. టీవీ ప్రసారాలు మోసింది. తీర గ్రామాలకు తుపాను హెచ్చరికలు ఉపగ్రహం ద్వారా నేరుగా చేరే ఏర్పాటు ఇన్‌శాట్‌తోనే వచ్చింది. 1990 మేలో మళ్లీ పెద్ద తుపాను కృష్ణా తీరాన్ని కొట్టినప్పుడు లక్షల మందిని ముందే ఇళ్లు ఖాళీ చేయించారు. ప్రాణనష్టం జరిగింది. 1977తో పోలిస్తే చాలా తక్కువ. ఆ కవరు పట్టుకున్నప్పుడు ఈ తేడా నా కళ్లముందు నిలుస్తుంది.

ఇంకో కవరు కోసం కొల్లేటి వాళ్లందరూ వెతకాలి. 1997 సెప్టెంబరు 29న శ్రీహరికోట నుంచి పీఎస్సెల్వీ సీ1 రాకెట్టు ఐఆర్‌ఎస్ 1డి ఉపగ్రహాన్ని తీసుకెళ్లింది. రాకెట్టు దాన్ని అనుకున్న కక్ష్యలో పెట్టలేకపోయింది. ఉపగ్రహం తన ఇంధనంతోనే కక్ష్య సరిచేసుకుని పనిచేసింది. ఆ ఉపగ్రహం తీసిన చిత్రాలను ఆంధ్ర విశ్వవిద్యాలయం భూగోళ శాస్త్రవేత్తలు కంప్యూటర్ మీద పరిశీలించి, కొల్లేరు ఎలా కనుమరుగవుతోందో చూపించారు. ఆ పరిశోధన 2004లో కరెంట్ సైన్స్ పత్రికలో వచ్చింది. కొల్లేరు 1999లో అభయారణ్యమైంది. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. 2005, 2006 సంవత్సరాల్లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. ఆ నిర్ణయాల మీద మన ఊళ్లలో ఎవరి అభిప్రాయం వాళ్లకుంది, ఎవరి కష్టం వాళ్లకుంది. కొల్లేరు ఎంత మిగిలిందో పైనుంచి చూసిన కన్ను మాత్రం శ్రీహరికోట నుంచి వెళ్లింది. 1997 సెప్టెంబరు 29 ముద్ర ఉన్న శ్రీహరికోట కవరు కొల్లేటి చరిత్రలో కూడా ఒక పత్రమే.

ఇక ఇంట్లో చేయాల్సిన పనులు చెబుతాను. మొదటిది, కవరు మీద స్టాంపును కత్తిరించకండి. మనలో చాలామంది చిన్నప్పుడు స్టాంపు ఉన్న మూల చించి, నీళ్లలో నానబెట్టి ఊడదీయడమే సేకరణ అని నేర్చుకున్నాం. కవరు విషయంలో అది సాక్షి నోరు నొక్కడమే. స్టాంపు పోతే ముద్ర సగం పోతుంది. ముద్ర పోతే తారీఖు, ఊరు పోతాయి. చిరునామా ఎలాగూ చెత్తబుట్టలోకి పోతుంది.

రెండోది, పెద్దవాళ్ల ట్రంకుపెట్టెలు, పాత ఫైళ్లు ఖాళీ చేసేటప్పుడు ఉత్తరాల కట్టలను తూకానికి వేయకండి. కూర్చుని ఒక్కొక్కటీ చూడండి. ముద్రలో ఎల్లోర్ (Ellore) అన్న పాత ఇంగ్లీషు అక్షరక్రమం కనిపిస్తే అది తెల్లదొరల కాలపు మన ఏలూరు. చిరునామాలో పిన్‌కోడ్ లేకపోతే 1972 ఆగస్టు 15కు ముందుది అయ్యే అవకాశం ఎక్కువ, ఆ రోజునే పిన్‌కోడ్ పద్ధతి మొదలైంది. కైకలూరు, కృష్ణా జిల్లా అని ఉంటే 2022లో ఏలూరు జిల్లా ఏర్పడక ముందుది అన్నమాట. మా తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే ఉంది. ఆ కాలంలో సైన్యం నుంచి ఇళ్లకు వచ్చిన ఉత్తరాల మీద సెన్సారు ముద్రలు ఉంటాయి. అవి రాకెట్ల కాలానికి ముందువే అయినా, మన జిల్లా ఆకాశం కథలో మొదటి అధ్యాయం అవే.

మూడోది, భద్రత. మనది డెల్టా. ఒకపక్క గోదావరి కాలువలు, ఒకపక్క కొల్లేరు. జూన్ నుంచి డిసెంబరు దాకా గాలిలో చెమ్మ తగ్గదు. చెమ్మకు కాగితం మీద గోధుమరంగు మచ్చలు లేస్తాయి. కవరు మూత బంక కరిగి అంటుకుపోతుంది. కాబట్టి ఆల్బమ్‌లను బయటి గోడకు ఆనించిన బీరువాలో పెట్టకండి. కింది అరలో అసలే పెట్టకండి. పడుకోబెట్టకుండా నిలబెట్టి ఉంచండి. మెత్తటి, వాసనొచ్చే పీవీసీ తొడుగులు ఏళ్లు గడిచేకొద్దీ సిరాను, కాగితాన్ని పాడుచేస్తాయి. పాలిప్రొపిలీన్ లేదా పాలిస్టర్ తొడుగులు అడిగి తీసుకోండి. సెలోటేపు దగ్గరికి రానివ్వకండి. మందుల సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పారేయకుండా పెట్టెలో వేయండి, అప్పుడప్పుడు మార్చండి. ఎండ బాగా కాసే మాఘ, ఫాల్గుణ మాసాల్లో ఒకసారి అన్నీ తీసి నీడపట్టున గాలి తగలనివ్వండి. ఎండలో మాత్రం పరవకండి, రంగులు వెలుస్తాయి.

నాలుగోది, కొత్త కవర్లు. పాతవి కొనుక్కోవడమే సేకరణ కాదు. శ్రీహరికోట నుంచి ప్రయోగం ఉందని వార్త వచ్చిందనుకోండి. ఒక కవరు మీద మీ చిరునామా రాయండి. సరిపడా స్టాంపు అంటించండి. ముద్ర పడేందుకు స్టాంపు పక్కన చోటు వదలండి. దాన్ని ఇంకో పెద్ద కవరులో పెట్టి, శ్రీహరికోట పోస్టుమాస్టరు గారికి, పిన్‌కోడ్ 524124, ప్రయోగం జరిగే రోజు ముద్ర స్పష్టంగా వేసి పంపమని మర్యాదగా నాలుగు మాటలు రాసి పంపండి. వారం పది రోజుల ముందు పంపితే మంచిది. ప్రయోగం వాయిదా పడితే ఏం చేయాలో కూడా అందులోనే రాయండి. ప్రతిసారీ అనుకున్నట్టు రాకపోవచ్చు. వచ్చిన ఆ ఒక్క కవరు మీద మీ పేరు, మీ ఊరు, ఆ రోజు, ఆ చోటు అన్నీ కలిసి ఉంటాయి. అలాంటిది ఏ దుకాణంలోనూ దొరకదు.

విద్యార్థుల కోసం ఒక సంగతి. 2017లో తపాలా శాఖ దీన్‌దయాళ్ స్పర్శ్ యోజన అనే స్కాలర్‌షిప్ మొదలుపెట్టింది. ఆరు నుంచి తొమ్మిదో తరగతి దాకా చదివే పిల్లల్లో, బాగా చదువుతూ స్టాంపుల సేకరణ మీద ఆసక్తి ఉన్నవాళ్లను ఎంపిక చేసి ఏడాదికి 6,000 రూపాయలు ఇచ్చేలా ఆ పథకం పెట్టారు. క్విజ్, ప్రాజెక్టు ఉంటాయి. మీ ఊరి హెడ్ పోస్టాఫీసులో వివరాలు అడగండి. ఉపాధ్యాయులు బడిలో ఫిలాటెలీ క్లబ్బు పెడితే పిల్లలకు దారి సులువవుతుంది.

చివరగా ఒక పని అప్పగిస్తాను. తపాలా ప్రదర్శనల్లో ఒక ఫ్రేముకు పదహారు పుటలు పడతాయి. ఏలూరులోనో, భీమడోలులోనో, ఆకివీడులోనో, కైకలూరులోనో ఒక బడి పిల్లలందరూ కలిసి ఆ పదహారు పుటలూ నింపాలి. మొదటి పుటలో స్టీఫెన్ స్మిత్ స్టాంపు. తర్వాత చంద్రుడి మీద మనిషి, సారాభాయ్, ఆర్యభట, ఎస్సెల్వీ 3, ఇన్‌శాట్ 1బి వెళ్లిన నాటి షటిల్ కవరు, రాకేశ్ శర్మ, ఐఆర్‌ఎస్ 1డి. ప్రతి పుట కిందా అది మన ఊరికి ఏం చేసిందో పిల్లలే తెలుగులో రెండు ముక్కలు రాయాలి. 1977 ఉప్పెన చూసిన తాతను అడిగి రాయాలి. కొల్లేటిలో దోనె తోసిన మామ్మను అడిగి రాయాలి. పదహారో పుట ఖాళీగా ఉంచండి. శ్రీహరికోట నుంచి గగన్‌యాన్ మనుషులతో ఎగిరే రోజున, ఆ బడి చిరునామాతో, శ్రీహరికోట ముద్రతో వచ్చే కవరు అక్కడ పెట్టాలి. దానికి కావలసిన కవరు, స్టాంపు ఇప్పుడే కొనిపెట్టుకోండి.